రెండు చక్రములు – ఒక ఇరుసు

ఎడ్లబండి వీధి మలుపు తిరుగుచుండగా దాని చక్రములను శ్రద్ధతో చూచినవారికి ఒక విశేషము కనబడును. మలుపునకు లోపలివైపున ఉన్న చక్రము మెల్లగాను, బయటివైపున ఉన్న చక్రము వడిగాను తిరుగును. మలుపు మిక్కిలి ఇరుకైనచో లోపలి చక్రము ఇంచుమించు ఉన్నచోటనే నిలిచిపోవును. బయటి చక్రము దానిచుట్టు ప్రదక్షిణము చేసినట్లు వచ్చును. దీనినిగూర్చి బండివానికి చింత లేదు. ఏలయన ఎడ్లబండి ఇరుసు కదలక నిలిచియుండును. చక్రములు దాని కొనలపై వేరువేరుగా తిరుగును. అవి జారిపోకుండ శీలలు కాచుచుండును. ఒక చక్రము వేగముతో రెండవదానికి పనిలేదు.

ఇప్పుడు ఆ రెండు చక్రములను ఇరుసునకు కదలకుండ బిగించి, ఇరుసును చక్రములును ఒక్కటిగా తిరుగునట్లు చేసితిమనుకొందము. తిన్నని బాటపై ఆ బండి చక్కగనే పోవును. మలుపు వచ్చినప్పుడు ఏమగును? ఒక చక్రము ఎక్కువ దూరము, రెండవది తక్కువ దూరము పోవలెను. కాని రెండును సమానముగనే తిరుగవలెను. ఈ చిక్కును విప్పుటకు మానవుడు కనిపెట్టిన ఉపాయములు పెక్కు. వానిలో ఒకటి రెండు ఉపాయములు కార్టు పందెములలో మిక్కిలి విచిత్రముగా కనబడును. వానినే ఇక్కడ వివరింపదలచితిమి.

మాకు ఈ విషయమున ఆసక్తి కలిగినది పుస్తకము వలన కాదు. హైదరాబాదు శివారులలో గోకార్టులను అద్దెకిచ్చి నడుపనిచ్చు స్థలములు కలవు. కొన్ని నెలల క్రిందట బంధువుల పిల్లల పోరు పడలేక అట్టి స్థలమునకు వెళ్లితిమి. మాతో మా బావగారు కూడ వచ్చిరి. ముప్పది యేండ్లుగా కారు నడుపుచున్న మనిషి. పిల్లలతోపాటు తామును ఒక కార్టునెక్కి పది చుట్లు తిరిగి, అందరికన్న చివరవచ్చిరి. ముందు వచ్చినది పదునాలుగేండ్ల మా మేనకోడలు.

బావగారు హెల్మెటు తీయుచునే అక్కడి మెకానిక్కు కుర్రవానిని పిలిచిరి. "ఏమయ్యా, ఈ బండి ఇంజను దండగ. మలుపు దాటాక ఎంత తొక్కినా లేవదేం?"

ఆ కుర్రవాడు వినయముగనే చెప్పెను. "ఇంజను బాగానే ఉంది సార్. మీరు మలుపంతా మెల్లగా గుండ్రంగా తిప్పుతున్నారు. వెనక లోపలి చక్రం నేలను వదలట్లేదు. రెండు చక్రాలూ ఒకదాన్నొకటి లాక్కుంటుంటే ఇంజను ఏం చేస్తుంది? ఆ పాప చూడండి, మలుపు మొదట్లోనే స్టీరింగు ఒక్కసారి గట్టిగా తిప్పుతుంది."

"చక్రం నేల వదిలితే ప్రమాదం కదయ్యా!"

"కారుకైతే ప్రమాదమే సార్. కార్టు తిరిగేదే అట్లా."

బావగారు నమ్మలేదు. మేమును నమ్మలేదు. ఇంటికి వచ్చి, కాగితము, పెన్సిలు తీసికొని లెక్కవేసి చూచిన తరువాత గాని ఆ కుర్రవాని మాటలోని సత్యము మాకు బోధపడలేదు.

కార్టు అనునది మిక్కిలి చిన్న బండి. దానికి కప్పు లేదు, తలుపులు లేవు, స్ప్రింగులు లేవు. ఉక్కు గొట్టములను అతికి చేసిన చట్రము, ఒక సీటు, నాలుగు చక్రములు, ఒక చిన్న ఇంజను. పందెపు కార్టులలో ఇంజను సాధారణముగా సీటు ప్రక్కనే ఉండును. ఇంజను నుండి ఒక గొలుసు బయలుదేరి వెనుక ఇరుసుపై నున్న పళ్లచక్రమును త్రిప్పును. ఆ ఇరుసు బోలుగా ఉండు ఒక ఉక్కు గొట్టము. 50 మిల్లీమీటర్ల వ్యాసము గల గొట్టములు నేడు పందెములలో విరివిగా వాడుకలో నున్నవి. దాని రెండు కొనలయందును చక్రములు గట్టిగా బిగింపబడి యుండును. వెనుక బ్రేకు కూడ ఆ ఇరుసునే పట్టును. అనగా ఇంతకుముందు మనము ఊహించిన బిగించిన బండియే కార్టు.

ఈ బండి పుట్టిన కథ ఎక్కువ పాతది కాదు. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఆర్ట్ ఇంగెల్స్ అను పనివాడు తన మిత్రుడు లూ బొరెల్లి సాయముతో మొదటి కార్టును కూర్చెను. ఇంగెల్స్ పనిచేయుచుండిన కర్టిస్ క్రాఫ్ట్ సంస్థ ఇండియానాపొలిస్ పందెమునకు కార్లను నిర్మించుటలో పేరుగన్నది. పెద్ద పందెపు కార్లను చేయు చేతులతోనే, తీరిక వేళలలో, పచ్చికకోత యంత్రమునకు వాడు చిన్న ఇంజనును గొట్టముల చట్రమునకు తగిలించి అతడు ఈ ఆటబండిని చేసెను. పాసడీనా పట్టణములోని రోజ్ బౌల్ క్రీడాస్థలము ముందర కార్లు నిలుపు మైదానమున దానిని నడుపగా చూచినవారు తమకును అట్టిది కావలెననిరి. కొలది యేండ్లలోనే అది పందెపు బండియై సముద్రములు దాటినది. 1962లో అంతర్జాతీయ మోటారు సమాఖ్య ఆధ్వర్యమున కార్టు పందెములకై ప్రత్యేక సంఘము ఏర్పడెను. ఆ సంఘపు నిబంధనలలో రెండు నిషేధములు మన ప్రస్తుతాంశమునకు ముఖ్యములు. కార్టునకు స్ప్రింగుల వంటి సాధనము ఉండరాదు. వెనుక ఇరుసునకు డిఫరెన్షియలు ఉండరాదు.

డిఫరెన్షియలు అననేమి? ఇది తెలిసికొనుటకు ముందు మలుపులో ఎంత దూరము తేడా వచ్చునో చూతము. కార్టు వెనుక టైర్ల నడిభాగముల మధ్య దూరము 110 సెంటీమీటర్లనుకొందము. కార్టు అర్ధవృత్తముగా తిరిగి, వచ్చిన దిక్కునకే ముఖము పెట్టినది. లోపలి చక్రము కన్న బయటి చక్రము ఎంత ఎక్కువ నడిచినది? మలుపు పెద్దదా, చిన్నదా అని అడుగవలసిన పనిలేదు. 110ని 22తో గుణించి 7తో భాగించిన చాలును. సుమారు 346 సెంటీమీటర్లు, అనగా మూడున్నర మీటర్లు. పెద్ద మలుపైనచో ఆ తేడా నెమ్మదిగా ఏర్పడును; చిన్న మలుపైనచో ఒక్కసారిగా మీద పడును. మొత్తము మాత్రము ఒక్కటే.

ఇక కార్టు వెనుక టైరు వ్యాసము సుమారు 28 సెంటీమీటర్లు. అనగా చుట్టుకొలత సుమారు 88 సెంటీమీటర్లు. 346 సెంటీమీటర్లు పోవుటకు ఇంచుమించు నాలుగు చుట్లు కావలెను. ఒక్క అర్ధవృత్తపు మలుపులో బయటి చక్రము లోపలి చక్రము కన్న నాలుగు చుట్లు ఎక్కువ తిరుగవలసి యున్నది. ఇరుసు ఒక్కటే అగుటచే అది సాధ్యము కాదు. అప్పుడు లోపలి టైరు అవసరమునకు మించి తిరుగుచు నేలను రాచును. బయటి టైరు చాలినంత తిరుగలేక ఈడ్వబడును. లోపలిది బండిని ముందుకు త్రోయుచుండగా బయటిది వెనుకకు పట్టుచుండును. దీని ఫలితము రెండు విధములు. మొదటిది, ఇంజను బలము రబ్బరును అరుగదీయుటకే వ్యయమగును. రెండవది, ఈ రెండు బలములును కలిసి బండిని మలుపు నుండి మరలించి తిన్నగా పొమ్మని పట్టుబట్టును. బావగారికి ఇంజను చచ్చినట్లు తోచుటకు ఇదియే కారణము.

మోటారు కార్లలో ఈ చిక్కును తీర్చునదే డిఫరెన్షియలు. 1820ల చివర ఫ్రాన్సు దేశపు ఒనెసిఫోర్ పెకెర్ అను గడియారముల నిపుణుడు ఆవిరి బండి కొరకు దీనిని రూపొందించెను. దాని పనిని గ్రహించుటకు కావడిని తలచుకొనుడు. కావడి మోయువాని భుజము బద్దకు నడుమ నున్నది. భుజము ఒక అడుగు ముందుకు పోయినచో రెండు కొనలును ఒక్కొక్క అడుగు పోవచ్చును. లేదా ఒక కొన అడుగున్నర, రెండవది అర అడుగు పోవచ్చును. ఒకటి నిలిచిపోయి, రెండవది రెండడుగులు పోయినను భుజము పోయినది ఒక్క అడుగే. రెండు కొనల మొత్తము మాత్రము మారదు. కారులో ఇరుసును రెండు తునకలు చేసి, నడుమ ఒక పెట్టెలో పళ్లచక్రములను ఈ కావడివలె అమర్చిరి. ఇంజను ఆ పెట్టెను త్రిప్పును. పెట్టె నుండి రెండు తునకలకును చలనము పోవును. మలుపులో ఒకటి ఎంత తగ్గిన రెండవది అంత పెరుగును.

ఇంత చక్కని ఉపాయమునకును ఒక లోపము కలదు. కావడి సమతూకముగా ఉండవలెనన్నచో రెండువైపులను భారము సమానముగా ఉండవలెను. అట్లే డిఫరెన్షియలు రెండు చక్రములకును సమానమైన బలమునే ఇయ్యగలదు. ఒక చక్రము బురదలో జారుచు ఏమాత్రము పట్టు చూపలేకపోయినచో రెండవదానికి కూడ అంతే స్వల్పబలము పోవును. వర్షకాలమున ఒక చక్రము బురదలో గిరగిర తిరుగుచు, రెండవ చక్రము గట్టినేలపై ఊరక నిలిచిన లారీని చూడనివారుండరు. నేలను వదలి గాలిలో లేచిన చక్రమునకును ఇదే గతి పట్టును.

డిఫరెన్షియలు కొనలేనివారు మరియొక దారి పట్టిరి. మన సైకిలు రిక్షాలను చూడుడు. వానిలో పెక్కింటికి గొలుసు లాగునది వెనుక చక్రములలో ఒక్కదానినే. రెండవది స్వేచ్ఛగా తిరుగును. చిక్కు తీరినది, కాని లాగు భారమంతయు ఒక్క చక్రముపై పడినది. తొలినాటి కార్టులలో కొన్ని ఇట్లే ఒక్క చక్రముతో నడచినవి. వేగము పెరిగిన కొలది రెండు చక్రముల పట్టును కావలసివచ్చినది. అప్పుడు ఇరుసు ఏకమైనది. చిక్కు మరల వచ్చినది.

ఆ చిక్కును కార్టు తీర్చుకొను విధానము వినుటకు వింతగా నుండును. రెండు చక్రములకు సంధి కుదరనిచో, ఒకదానిని కొంతసేపు నేల నుండి తప్పించుటయే ఆ విధానము.

దీనిని ఇంటిలో నాలుగు కాళ్ల పీటతో పరీక్షింపవచ్చును. సమమైన నేలపై పీటను ఉంచి, ముందరి ఎడమకాలి క్రింద ఒక పలుచని చెక్కముక్కను పెట్టుడు. ఇక పీట నాలుగు కాళ్లపై నిలువదు. చెక్కపై నున్న కాలు, దానికి ఎదురు మూలనున్న వెనుక కుడికాలు నిలిచి, మిగిలిన రెండు కాళ్లును ఊగులాడును. ముందరి కుడివైపున చేయి ఆనించినచో వెనుక ఎడమకాలు నేలను వదలి పైకి లేచును. కార్టు ఎడమకు తిరుగునప్పుడు జరుగునది సరిగా ఇదియే. కార్టు ముందరి చక్రములు తిరుగు కీలుకడ్డీలు నిట్టనిలువుగా ఉండవు. కొంత వెనుకకును, కొంత లోపలికిని వాలియుండును. ఆ వాలు వలన స్టీరింగు త్రిప్పినప్పుడు లోపలి ముందరి చక్రము చట్రమునకు క్రిందికి దిగును; బయటి ముందరి చక్రము పైకి పోవును. లోపలి చక్రము క్రిందికి దిగుటయనగా పీటకాలి క్రింద చెక్కముక్క పెట్టినట్లే. అదే సమయమున నడుపువాని బరువు మలుపునకు బయటివైపున తూలును. అది మన చేయి ఆనించినట్లు. వెంటనే వెనుక లోపలి చక్రము నేల నుండి కొన్ని మిల్లీమీటర్లు లేచును. అంత చాలును. ఇక ఇరుసుతో తగవులాడు చక్రము లేదు. కార్టు మూడు కాళ్లపై సులువుగా తిరుగును. స్టీరింగు సరిచేసిన మరుక్షణమున లేచిన చక్రము దిగి, తన వంతు పనిని మరల చేపట్టును.

కార్టునకు డిఫరెన్షియలు లేకపోవుట కేవలము పొదుపు కొరకే కాదని ఇప్పుడు తేటపడుచున్నది. చక్రము లేచు బండికి డిఫరెన్షియలున్నచో, ఇంజను బలమంతయు గాలిలో తిరుగు చక్రమునకే దక్కియుండెడిది. ఏక ఇరుసు వలన నేలనంటియున్న బయటి చక్రము బండిని త్రోయుచునే యుండును. స్ప్రింగులు లేకపోవుట కూడ ఈ కారణముననే సరిపడినది. స్ప్రింగులున్నచో అవి లోపలి చక్రమును నేలకు అదిమియుంచును. ఇక్కడ వంగుట, నిక్కుట అను పని యంతయు చట్రపు గొట్టములదే.

కాబట్టి పందెపు కార్టును సిద్ధపరచువారి శ్రమలో పెద్దపాలు ఈ ఒక్క చక్రమును గురించియే. అది లేవనిచో బండి మలుపున బరువుగా తిరుగును. మరీ ఎత్తుగా లేచినను, ఎక్కువసేపు లేచియున్నను బయటి టైరుపై భారము మించిపోయి బండి గెంతులు వేయును. ముందరి చక్రముల మధ్య ఎడమును పెంచినచో లోపలి వెనుక చక్రము త్వరగా లేచును. కీలుకడ్డీల వెనుక వాలును హెచ్చించినను అట్లే. వాన కురిసి బాట తడిసినప్పుడు పట్టు తగ్గి, బరువు బయటికి తూలుట కూడ తగ్గును; అందుచే ముందరి ఎడమును, వాలును పెంచి, వెనుక చక్రములను దగ్గరకు జరుపుదురు. ఇంజనును ముట్టుకొనకయే బండి నడకను మార్చు విద్య ఇది.

ఇంతవరకు చెప్పినది కుడి, ఎడమలకు మలుపులు గల బాటల సంగతి. అమెరికాలో మరియొక రకపు బాటలు కలవు. అవి కోడిగ్రుడ్డు ఆకారమున ఉండును. బండ్లు ఎప్పుడును ఎడమకే తిరుగును. 1911 నుండి 500 మైళ్ల పందెము జరుగుచు వచ్చిన ఇండియానాపొలిస్ బాట ఈ తీరుదే. కార్టులకును అట్టి చిన్న బాటలు అక్కడ పెక్కు కలవు. ఎప్పుడును ఒక్కవైపునకే మలుపు తిరుగు బండికి వేరొక ఉపాయము అందివచ్చినది. కుడి టైరును పెద్దదిగాను, ఎడమ టైరును చిన్నదిగాను పెట్టుటయే అది. ఈ చుట్టుకొలతల తేడాను వారు స్టాగర్ అందురు.

దీనికి పరీక్ష వంటింటిలోనే కలదు. మూతి వెడల్పుగా, అడుగు సన్నముగా ఉండు స్టీలు గ్లాసును నేలపై అడ్డముగా పరుండబెట్టి మెల్లగా త్రోయుడు. అది తిన్నగా పోదు. సన్నని అడుగు లోపలివైపున, వెడల్పైన మూతి బయటివైపున ఉండునట్లు వలయముగా తిరిగివచ్చును. అంచులు సమముగా ఉన్న డబ్బా తిన్నగా దొరలిపోవును. గ్లాసు మూతికిని, అడుగునకును ఎంత తేడా ఉన్నచో అంత చిన్న వలయము చుట్టును. రెండు అసమానమైన చక్రములు ఒకే ఇరుసుపై బిగించిన బండి ఈ గ్లాసువంటిదే. దానికి ఒక వలయము పుట్టుకతోనే వచ్చినది. ఆ వలయమున అది ఏ రాపిడియు లేక తిరుగును.

మనము నిత్యము చూచు రైలుబండిలో కూడ ఈ సూత్రము దాగియున్నది. రైలు చక్రముల జంట ఒకే ఇరుసునకు బిగింపబడి యుండును, డిఫరెన్షియలు లేదు. కాని రైలు చక్రపు అంచు సమముగా ఉండక, లోపలివైపు కొంచెము పెద్దదిగాను, బయటివైపు కొంచెము చిన్నదిగాను వాలియుండును. వాడుకలో వచ్చిన వాలు సుమారు 20కి 1. వంపు వచ్చినప్పుడు చక్రముల జంట బయటి పట్టావైపు కొంచెము జరుగును. అప్పుడు బయటి చక్రము తన పెద్ద చుట్టుకొలతపైనను, లోపలిది తన చిన్న చుట్టుకొలతపైనను దొరలును. వంపు దాటగనే జంట నడుమకు వచ్చి సమానమగును. వంపు మరీ ఇరుకైనచో ఈ సర్దుబాటు చాలదు. చక్రము పట్టాపై జారును. అట్టిచోట్ల వినబడు కీచుమను ధ్వని ఆ రాపిడి చేసిన ఫిర్యాదే.

రైలు చక్రము వంపునుబట్టి తన కొలతను మార్చుకొనగలదు. కార్టు టైరు మార్చుకొనలేదు. ఇక్కడనే పందెగాని కష్టము ఆరంభమగును. ఒక బాటను ఊహించుదము. దాని రెండు కొనలయందును 25 మీటర్ల వ్యాసార్ధము గల అర్ధవృత్తములు. వానిని కలుపుచు రెండు తిన్నని భాగములు. మొత్తము చుట్టు 300 మీటర్లు. మలుపులో ఏ రాపిడియు లేక పోవలెనన్నచో 88 సెంటీమీటర్ల టైరునకు స్టాగర్ ఎంత కావలెను? 110 సెంటీమీటర్ల ఎడమును 25 మీటర్లతో భాగించి, టైరు చుట్టుకొలతతో గుణింపగా సుమారు 3.9 సెంటీమీటర్లు వచ్చును. తిన్నని భాగమున కావలసినది ఎంత? సున్న. అక్కడ ఏ కొంచెము స్టాగర్ ఉన్నను బండి ఎడమకు లాగుచునే యుండును, నడుపువాడు స్టీరింగును కుడివైపునకు అదిమిపట్టవలెను, టైర్లు రాచుకొనును, వేగము తగ్గును.

సగటు తీసినచో? ఒక్కచుట్టు తిరుగునప్పటికి కుడిచక్రము ఎడమచక్రము కన్న సుమారు 6.9 మీటర్లు ఎక్కువ పోవును. 300 మీటర్లలో ఇది వందకు 2.3 పాళ్లు. 88 సెంటీమీటర్లపై ఆ పాలు రెండు సెంటీమీటర్లు. రెండు సెంటీమీటర్ల స్టాగర్ పెట్టినచో చుట్టు ముగియునప్పటికి జమాఖర్చులు సరిపోవును. కాని బాటలో ఏ ఒక్కచోటను లెక్క సరిపోదు. మలుపులో చాలదు, తిన్నని దారిలో మించును. సగటు అను మాట కాగితముపై న్యాయము చేయును. రబ్బరునకు మాత్రము చేయదు.

అందుచే అనుభవజ్ఞులు సగటును ఆశ్రయింపక, ఎక్కడ పోగొట్టుకొన్నచో ఎక్కువ నష్టమో దానినే విచారింతురు. మలుపు నుండి వేగముతో బయటపడిన బండి ఆ వేగమును తిన్నని దారి పొడవునను అనుభవించును. కాబట్టి మలుపులు గుండ్రముగా, దీర్ఘముగా ఉన్న బాటకు స్టాగర్ హెచ్చుగాను, తిన్నని భాగములు పొడవైన బాటకు తక్కువగాను ఉంచుదురు. తరువాత బండిని నడిపి, టైర్ల అరుగుదల చూచి దిద్దుకొందురు.

ఈ కొలత తీయుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. పందెమునకు కావలసినంత గాలి నింపి, దర్జీవాని టేపు వంటి దానిని టైరు నడిభాగమున చుట్టి చూచుటయే. ముఖ్యమైన జాగ్రత్త ఒకటి. గాలి హెచ్చించినచో టైరు చుట్టుకొలత కొంత పెరుగును. పరుగులో వేడెక్కినను మారును. ఒకే గుర్తు గల రెండు టైర్లు కూడ సరిగా సమానముగా ఉండకపోవచ్చును. కుడి, ఎడమలకు తిరుగు మామూలు బాటపై స్టాగర్ ఎవరును కోరరు. కాని ఒక టైరులో గాలి తగ్గినచో కోరకయే అది వచ్చి కూర్చుండును. బండి ఒకవైపునకు బాగుగా, రెండవవైపునకు మొండిగా తిరుగుచున్నదని వాపోవువారు మొదట టేపు తీసి కొలిచి చూచుట మేలు.

ఈ ఏక ఇరుసును గురించి చెప్పుచు ఒక హెచ్చరికను విడుచుట తగదు. కారు ఇరుసు క్రింద ఎక్కడనో కనబడక ఉండును. కార్టు ఇరుసు కూర్చున్నవాని వీపునకు వెనుకనే, చేతికందు దూరమున, మిక్కిలి వేగముగా తిరుగుచుండును. జుట్టుగాని, చున్నీగాని, చీరకొంగుగాని దానికి చిక్కినచో తప్పించుకొను వ్యవధి ఉండదు. ఇట్టి దుర్ఘటనలలో మన దేశమున ప్రాణములు పోయినవి. పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లు పెద్దలు ఇరుసునకును, గొలుసునకును కప్పులున్నవో లేవో ముందుగా చూడవలెను. జుట్టును ముడిచి హెల్మెటు లోపలికి పోనియ్యవలెను. వ్రేలాడు వస్త్రమేదియు ఒంటిపై ఉండరాదు. కప్పు లేని బండిని ఎక్కుటకు నిరాకరించుట పిరికితనము కాదు. మా మేనకోడలి జడను ముడిచి, చున్నీ తీయించి గాని ఆ మెకానిక్కు కుర్రవాడు బండి ఇయ్యలేదు. ఆనాడు కొంచెము విసుగుకొంటిమి. నేడు అతనికి కృతజ్ఞులము.

లెక్కలన్నియు ముగించి, స్టీలు గ్లాసును హాలులో దొరలించుచుండగా బావగారు వచ్చి చూచిరి. పీటను, చెక్కముక్కను కూడ తెప్పించి చూపితిమి. వారు పీట మూలపై చేయి పెట్టి అదిమిరి, ఎదురుకాలు లేచినది. చేయి తీసిరి, కాలు దిగినది. ఇట్లు నాలుగైదుసార్లు చేసి, "అయితే తప్పు ఇంజనుది కాదన్నమాట" అనిరి.

మరుసటి ఆదివారము వారు ఎవరికిని చెప్పక మేనకోడలిని వెంటబెట్టుకొని మరల అక్కడకు పోయిరి. ఈసారియు వెనుకబడిరట. కాని చివరి రెండు చుట్లలో, బాట కొననున్న ఇరుకు మలుపున, వెనుక లోపలి చక్రము క్రింద సన్నని వెలుతురు కనబడినదని మా మేనకోడలు సాక్ష్యము చెప్పినది.